పాత పద్మినిని పూర్తి చేసి ఘాట్ ఎక్కించడం ఎలా

విజయనగరం చుట్టుపక్కల పెరటి రేకుల కింద నాకు తెలిసిన పాత పద్మిని, అంబాసిడర్ కార్లు చాలానే ఉన్నాయి. టింకరింగ్ అయింది, రంగు పడింది, సీట్లు కుట్టించారు, సెల్ఫ్ కొడితే ఇంజిన్ లేస్తుంది. అయినా గుమ్మం దాటవు. ఎప్పుడడిగినా "ఇంకా కొంచెం పని ఉంది" అంటారు. ఆ కొంచెం పనేమిటో కాగితం మీద రాసుకోకపోవడం వల్ల అది ఏళ్ల తరబడి సాగుతుంది.

నాది నాన్నగారు కొన్న 1978 మోడల్ ప్రీమియర్ పద్మిని. జిల్లా పరిషత్ హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాక, మా వీధి చివర మెకానిక్ మేస్త్రిగారితో కలిసి దాన్ని మళ్లీ నిలబెట్టాను. ఆ అనుభవంతో చెబుతున్నాను. పాత కారు పూర్తయిందో లేదో షెడ్డు చెప్పలేదు, రోడ్డే చెప్పాలి. అందుకని బండిని పూర్తి చేయడం, మలుపుల రోడ్లు వెతుక్కోవడం వేర్వేరు పనులని నేననుకోను. రోడ్లను తేలిక నుంచి కష్టానికి వరసగా పెట్టుకుని, ఒక్కో రోడ్డుకు కావలసిన పని ముందు చేసుకుంటూ పోతే బండి దానంతటదే పూర్తవుతుంది.

ముందు ఒక నోటుపుస్తకం తీసుకుని మూడు శీర్షికలు పెట్టండి. బండి ఆగడానికి, బండి చల్లగా ఉండడానికి, బండి అందంగా ఉండడానికి. మిగిలిన ప్రతి పనినీ వీటిలో ఏదో ఒకదాని కింద రాయండి. మూడో శీర్షిక కింద ఉన్నదేదీ మొదటి ప్రయాణానికి అడ్డు రాకూడదు. నా కారుకు ఎడమ డోరు క్రోమ్ పట్టీ దొరకడానికి చాలా కాలం పట్టింది. ఈలోపు అది లేకుండానే ఘాట్లు ఎక్కి దిగింది. మొదటి రెండు శీర్షికల కింద ఒక్క పని మిగిలినా కొండ వైపు పోవద్దు.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. 15 ఏళ్లు దాటిన సొంత కారుకు అయిదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యువల్ చేయించాలి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండి చూస్తారు. 20 ఏళ్లు దాటిన కార్లకు ఈ రుసుమును కేంద్రం 2025 ఆగస్టులో 10 వేల రూపాయలకు పెంచింది. ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ మామూలే. 50 ఏళ్లు దాటిన బండ్లకు 2021లో వింటేజ్ రిజిస్ట్రేషన్ పద్ధతి వచ్చింది, నంబర్లో 'వీఏ' అక్షరాలుంటాయి. గొప్పగా వినిపిస్తుంది కానీ, ఆ రిజిస్ట్రేషన్ ఉన్న బండిని రోజువారీగా రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనలకు, సాంకేతిక పరిశోధనకు, వింటేజ్ ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతులకు మాత్రమే బయటికి తీయాలి. నా కారుకు ఆ అర్హత 2028లో వస్తుంది. నేను తీసుకోను. నడపాలనుకునేవాళ్లు మామూలు ఆర్‌సీనే బతికించుకోండి.

ఇక అసలు విషయం, బ్రేకులు. దీనిమీద ఎక్కువ రాస్తాను, ఎందుకంటే కొండ ఎక్కలేని కారు ఆగిపోతుంది, అంతే. కొండ దిగలేని కారు ప్రాణాలు తీస్తుంది.

లెక్క చూడండి. శృంగవరపుకోట (ఎస్.కోట) నుంచి అరకు ఎక్కితే ఎత్తు ఇంచుమించు 900 మీటర్లు. నలుగురు కూర్చున్న పద్మిని 1,200 కిలోలు ఉంటుందనుకోండి. బరువును 9.8తో, ఎత్తుతో గుణిస్తే కోటి జౌల్స్ దాటుతుంది. దిగేటప్పుడు ఆ శక్తంతా ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. అది 36 లీటర్ల నీళ్లను 30 డిగ్రీల నుంచి మరిగే దాకా తేగలిగినంత వేడి. గేరులో దిగితే చాలా భాగం ఇంజిన్ మింగుతుంది. న్యూట్రల్‌లో దొర్లిస్తే దాదాపు మొత్తం నాలుగు చక్రాల బ్రేక్ డ్రమ్ముల నెత్తినే పడుతుంది. డ్రమ్మంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప గిన్నె. బ్రేక్ వేస్తే లోపలి షూలు, వాటి మీది లైనర్ అనే పట్టు పొరతో, దాన్ని ఒరుసుకుంటాయి. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి షూ నుంచి దూరం జరుగుతుంది, పెడల్ కిందికి పోతుంది. లైనర్ పట్టు తగ్గుతుంది. ఇంకా వేడెక్కితే సిలిండర్లోని బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరవుతుంది. ద్రవాన్ని నొక్కితే ఒత్తిడి చక్రానికి చేరుతుంది, ఆవిరిని నొక్కితే అదే నలిగి ఊరుకుంటుంది. అప్పుడు పెడల్ నేలకు తగులుతుంది, బండి ఆగదు.

అందుకే బ్రేక్ ఆయిల్ పాతది ఉంచకండి. అది గాల్లోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4 అయితే 230, తేమ పట్టాక 155. సముద్రానికి దగ్గర్లో ఉండే మనలాంటివాళ్లకు ఈ తేడా ముఖ్యం. నేను ప్రతి వానాకాలం వెళ్లాక పాత ఆయిల్ మొత్తం తీయించి డాట్ 4 పోయిస్తాను.

పెడల్ వైపుండే మాస్టర్ సిలిండర్, చక్రాల దగ్గరి వీల్ సిలిండర్ల రబ్బరు కప్పులు ఏళ్ల తరబడి నిలబడ్డ కారులో గట్టిపడి ఉంటాయి. బయటికి కారకపోయినా మార్చండి. సిలిండర్ లోపల తుప్పు గుంటలుంటే కొత్త కప్పు కూడా నిలవదు, సిలిండరే మార్చాలి. బ్రేక్ గొట్టాలు పైకి నల్లగా నిగనిగలాడుతూనే లోపల ఉబ్బి దారి మూసుకుపోతాయి. అప్పుడు పెడల్ వదిలినా బ్రేక్ వదలదు. డ్రమ్ములు గుండ్రంగా ఉన్నాయో లేదో లేత్ మీద చూపించండి. గుండ్రం తప్పితే పెడల్ కాలి కింద కొట్టుకుంటుంది. లైనర్లు కొత్తవి వేశాక షూ మొత్తం డ్రమ్ముకు ఆనేదాకా కొన్ని రోజులు ఊళ్లో తిప్పి, మళ్లీ అడ్జస్ట్ చేయించాలి. కొత్త లైనర్లతో తెల్లారే ఘాట్‌కు బయల్దేరకండి. బ్రేక్ గొట్టాల్లో చేరిన గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికంటే దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి రావాలి.

పరీక్ష ఇలా చేయండి. ఖాళీ రోడ్డు మీద 40లో పోతూ, స్టీరింగ్‌ను తేలిగ్గా పట్టుకుని గట్టిగా బ్రేక్ వేయండి. కారు పక్కకు లాగకూడదు. పది కిలోమీటర్లు తిరిగొచ్చి, చెయ్యి ఆనించకుండా ఒక్కో చక్రం దగ్గర పెట్టి చూడండి. ఒకటే మిగతావాటికంటే వేడిగా ఉంటే అక్కడ షూ పట్టేస్తోందని అర్థం.

బ్రేకులతో పాటే గేరు. పద్మినిలో గేరు స్టీరింగ్ పక్కనే ఉంటుంది, హ్యాండ్ గేర్ అంటారు. దాని కడ్డీల బుష్‌లు అరిగితే, దిగుడులో యాక్సిలరేటర్ వదిలినప్పుడు రెండో గేరు దానంతటదే జారిపోతుంది. మీరు నమ్ముకున్న ఇంజిన్ పట్టు ఆ క్షణంలో పోతుంది. చిన్న వంతెన దిగుడు మీద రెండో గేరులో కాలు పూర్తిగా తీసేసి చూడండి. గేరు నిలవకపోతే ఘాట్ వాయిదా. స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు చక్రాలు మళ్లే కీలుల్లాంటి కింగ్‌పిన్‌లకు గ్రీజు నిపుల్స్ ఉంటాయి. గ్రీజు గన్‌తో కొడితే పాత నల్ల గ్రీజు బయటికి వచ్చి, తర్వాత కొత్తది కనిపించాలి. అప్పటిదాకా కొట్టండి. ఇది మన చేతులతో చేసుకోదగ్గ పని, నాకు చాలా ఇష్టమైన పని కూడా. స్టీరింగ్ ఎంత తేలికవుతుందో అదే రోజు తెలుస్తుంది.

టైర్ల అచ్చులు చూసి మోసపోవద్దు. అంచు మీద నాలుగంకెల తేదీ ఉంటుంది. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. షెడ్డులో కూర్చున్న టైరుకు అచ్చులు అరగవు కానీ రబ్బరు ఎండిపోతుంది. పద్మిని అసలు కొలత 5.20-14. స్టెప్నీకి కూడా తేదీ చూడండి.

ఇప్పుడు రెండో శీర్షిక. ఇది 1,089 సీసీ ఇంజిన్, బలం సుమారు 40 హార్స్‌పవర్. ఎక్కుడులో రెండో గేరులో చాలాసేపు కష్టపడుతుంది, బండి వేగం లేక గాలి తగలదు. రేడియేటర్ మీద ట్యాంకు విప్పించి గొట్టాల్లో సన్నటి కడ్డీ ఆడించి శుభ్రం చేయించండి. పైపైన నీళ్లు పోసి కడిగితే చాలదు. ఇంజిన్ పై మూత లాంటి హెడ్ అల్యూమినియంది, కింది బ్లాకు పోత ఇనుముది. ఉత్త నీళ్లు పోస్తే ఈ రెంటి మధ్య తుప్పు పెరుగుతుంది, అందుకని కూలెంట్ కలిపిన నీళ్లే వాడండి. ఒకసారి బాగా కాగితే హెడ్ వంగి, రెంటి మధ్య ఉండే గ్యాస్కెట్ పోతుంది. మీటరు ముల్లు మామూలు చోటు దాటిన వెంటనే పక్కకు తీసి ఆపాలి. ఆవిరి పోతున్న రేడియేటర్ మూత ముట్టుకోకూడదు. స్పార్కు కోసం కరెంటు తెంచే పాయింట్ల గ్యాప్, స్పార్కు పడే టైమింగ్ సరిగా లేకపోయినా ఇంజిన్ కాగుతుంది. చాలామంది రేడియేటర్‌ను నిందిస్తారు, దోషం స్పార్కును పంచే డిస్ట్రిబ్యూటర్‌లో ఉంటుంది.

పెట్రోలు గురించి ఒక జాగ్రత్త. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత రబ్బరు గొట్టాలను, పంపు డయాఫ్రమ్‌ను అది మెత్తబరుస్తుంది. గొట్టాలన్నీ ఇథనాల్ తట్టుకునే రకంతో మార్చించండి, క్లిప్పులు కొత్తవి పెట్టించండి. వేడి మానిఫోల్డ్ పక్కన పెట్రోలు చుక్క పడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. మంటలార్పే చిన్న సిలిండరు ముందు సీటు కింద ఉండాలి. ఇథనాల్ నీటిని పీలుస్తుంది కనుక కారును నెలల తరబడి కదపకుండా పెట్టేస్తే ట్యాంకు అడుగున తుప్పు మొదలవుతుంది. నడపడానికి ఇదొక మంచి కారణం.

సామాన్లకు విజయవాడ ఆటోనగర్, విశాఖలో గాజువాక ఆటోనగర్ తిరిగితే చాలా దొరుకుతాయి. ముంబయిలో పద్మిని ట్యాక్సీల శకం 2023 అక్టోబరులో ముగిసింది. కొత్తగా సామాను చేసేవాళ్లకు గిరాకీ తగ్గింది కనుక వీల్ సిలిండర్ కిట్లు, వాటర్ పంపు కిట్, క్లచ్ ప్లేటు, పాయింట్లు, కండెన్సర్ ఒకటికి రెండు కొని ఇంట్లో పెట్టుకోండి.

ఇప్పుడు రోడ్లు. మలుపుల రోడ్డు వెతకడానికి నా పద్ధతి సులువు. మ్యాపులో కొండల ఎత్తు చూపే రూపం పెట్టుకుని, మైదానం నుంచి పీఠభూమికి ఎక్కే గీతలు వెతకాలి. గీత ఎక్కడ దగ్గర దగ్గరగా ముడతలు పడితే అక్కడ మలుపులున్నట్టు. తర్వాత ఆ దారిన ఆర్టీసీ బస్సు పోతుందా అని చూడాలి. పల్లెవెలుగు బస్సు రోజూ తిరిగే దారిలో పద్మినికి ఇబ్బంది ఉండదు. బండి అడుగుకు ఏమీ తగలదు, ఆగితే సాయం వస్తుంది. చివరగా కాంప్లెక్సులో ఆ బస్సు డ్రైవర్‌ను అడగండి. ఏ మలుపులో కంకర తేలిందో, ఎక్కడ కొండచరియ పడిందో ఏ మ్యాపూ అంత సరిగ్గా చెప్పదు.

మావైపు వరస ఇది. మొదట విజయనగరం నుంచి భీమిలి, అక్కడి నుంచి తీరం వెంట తొట్లకొండ, రుషికొండ మీదుగా విశాఖ. పెద్ద ఎత్తులు లేవు, సముద్రం పక్కన మెత్తటి వంపులు. గంటపాటు ఆపకుండా నడిస్తే బండి ఎలా ఉందో ఇక్కడే తెలుస్తుంది. ఎక్కడ కారుతోంది, ఏది వదులైంది, డైనమో చార్జింగ్ చేస్తోందా అన్నవన్నీ చూసుకోండి. తెల్లవారుజామున పోవాలి, తర్వాత ఊరి రద్దీ మొదలవుతుంది. ఇంటికొచ్చాక ఉప్పు గాలి పట్టిన అడుగుభాగం మంచినీళ్లతో కడగండి.

రెండోది అరకు ఘాట్, అదీ సగమే. ఎస్.కోటలో పెట్రోలు పోయించుకుని, బొడ్డవర దాటి టైడా దాకా ఎక్కి, కాసేపు ఆగి వెనక్కి దిగిపోండి. అరకు చూడాలన్న ఆశను ఆ రోజుకు ఆపుకోవాలి. పైకి పోయింది ఉష్ణోగ్రత చూడడానికి, కిందికి వచ్చింది బ్రేకులు చూడడానికి. మా మేస్త్రిగారు ఆ రోజు నా పక్కన కూర్చుని, "టీచరమ్మా, కాలు బ్రేకు మీద ఉంచకండి, అవసరమైనప్పుడు గట్టిగా వేసి పూర్తిగా వదిలేయండి" అని ప్రతి మలుపుకీ చెబుతూ వచ్చారు. అదే సరైన పద్ధతి. తేలిగ్గా నొక్కి పట్టుకుంటే డ్రమ్ముకు చల్లారే సందు దొరకదు.

అది బాగా జరిగితే తర్వాతిసారి అనంతగిరి కాఫీ తోటల మీదుగా, బొర్రా మలుపు దాటి, గాలికొండ వ్యూపాయింట్ దగ్గర ఆగి, అరకు దాకా పోండి. ఈ రోడ్డంటే నాకు ప్రాణం. మలుపు తర్వాత మలుపు ఒక లయలో వస్తాయి, మిరియాల తీగలు అల్లుకున్న సిల్వర్ ఓక్ చెట్ల నీడ రోడ్డు మీద పడుతుంటుంది. అక్టోబరు, నవంబరుల్లో పైన వలిసె పూలు పొలాలకు పొలాలు పసుపు పూస్తాయి. వెయ్యి మీటర్ల ఎత్తులో గాలి సాంద్రత పదోవంతు దాకా తగ్గుతుంది కనుక ఇంజిన్ కాస్త బరువుగా లాగుతుంది. కార్బురేటర్ స్క్రూలు తిప్పకండి, కిందికి దిగితే అదే సర్దుకుంటుంది. ఎక్కుడులో ఇంజిన్ గొంతు పట్టినట్టు ఆగిపోతే పెట్రోలు పంపు కాగిందేమో చూడండి. తడిగుడ్డ కప్పి కాసేపు బానెట్ తెరిచి ఉంచితే చాలు.

మూడోది చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు ఘాట్. ఇది అరకు దారికంటే ఇరుకు, మలుపులు బిగువు. మాడుగులలో హల్వా కొనుక్కోండి. ఘాట్ మీద మోదకొండమ్మ పాదాల దగ్గర అందరూ ఆగుతారు. బండికి కూడా ఆ విశ్రాంతి మంచిది. వేడిగా ఉన్న డ్రమ్ముల మీద హ్యాండ్‌బ్రేక్ లాగిపెట్టొద్దు. గేరులో ఉంచి, చక్రం కింద చెక్క దిమ్మ పెట్టండి. ఆ దిమ్మ ఇంటి నుంచే తీసుకెళ్లాలి.

నాలుగోది నర్సీపట్నం నుంచి లంబసింగి, చలికాలంలో. ఇక్కడ పరీక్ష కరెంటుకు. పొగమంచులో హెడ్‌లైట్లు, వైపర్లు, వెనక ఎర్ర లైట్లు అన్నీ కలిపి వెలగాలి. హెడ్‌లైట్లకు రిలే, అంటే బ్యాటరీ కరెంటును నేరుగా లైట్లకు పంపే చిన్న పెట్టె, పెట్టించండి, స్విచ్ మాడిపోదు, వెలుగు పెరుగుతుంది. డిసెంబరు, జనవరి శని ఆదివారాల్లో జనం కిక్కిరిసిపోతారు, వారం మధ్యలో పోండి. మంచు విడిచాక తాజంగి చెరువు దాకా తీరిగ్గా నడపవచ్చు.

మిగతా ప్రాంతాలవాళ్లకు రెండు మాటలు. హైదరాబాద్ నుంచి మొదలుపెట్టేవాళ్లకు వికారాబాద్ అనంతగిరి కొండలు మంచి తొలిమెట్టు. శ్రీశైలం దారి పెద్ద పరీక్ష. మన్ననూరు అటవీ గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుంది, దాన్నిబట్టి బయల్దేరండి. రాయలసీమలో మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్, నల్లమలలో నంద్యాల–గిద్దలూరు దారి ఉన్నాయి. తిరుమల ఘాట్లను సరదాగా బండి నడపడానికి లెక్కలోకి తీసుకోవద్దు, అది భక్తుల దారి.

నడిపేటప్పుడు ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. ఒకటో గేరు కావాలనుకుంటే మలుపుకు ముందే బండిని దాదాపు ఆపి వేయాలి, మధ్యలో పళ్లు కొరికించకూడదు. మలుపుకు ముందే వేగం తగ్గించి, మలుపులో ఒకే రకంగా లాగండి. ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి, ఇది నిబంధన. కనిపించని మలుపులో హారన్ కొట్టండి, బస్సు రోడ్డంతా తీసుకుంటుందని ముందే అనుకోండి. సంత రోజున గిరిజన గ్రామాల మనుషులు బుట్టలతో, పిల్లలతో రోడ్డు వెంటే నడుస్తారు. ఆ రోడ్డు మనకంటే ముందు వాళ్లది. అయినా పద్మినితో ఆనందానికి 80 అక్కర్లేదు. 35లో రెండో గేరు మోత, సన్నటి స్టీరింగ్ చక్రం చేతుల్లో చెప్పే కబుర్లు, వెనక స్ప్రింగు పట్టీల మీద బండి ఒరిగి మళ్లీ లేవడం అన్నీ తెలుస్తాయి. కొత్త కారు అదే మలుపును 60లో తిప్పినా ఇందులో సగం చెప్పదు.

వాయుగుండం వచ్చి వెళ్లిన వారం ఏ ఘాట్‌కీ పోవద్దు. రాజమండ్రి నుంచి చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం వచ్చే 516ఈ జాతీయ రహదారి మీద వెళ్లేటప్పుడు ఎక్కడెక్కడ పనులు జరుగుతున్నాయో ముందు కనుక్కోండి.

ప్రతి ఘాట్ తర్వాత, మర్నాడు పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడు, మొదట కింద అట్టముక్క మీద పడ్డ చుక్కలు చూడండి. తర్వాత రేడియేటర్ నీళ్లు, బ్రేక్ ఆయిల్ మట్టం, చక్రాల నట్లు, ఇంజిన్ మౌంటింగ్ బోల్టులు వరసగా చూడాలి. పెడల్ ముందుకంటే కిందికి పోతే షూలు అడ్జస్ట్ చేయించండి. చూసినదంతా తేదీ, కిలోమీటర్లతో నోటుపుస్తకంలో మొదటి రెండు శీర్షికల కింద రాయండి. అవి కొట్టేశాక తర్వాతి రోడ్డుకు తేదీ పెట్టుకోండి. క్రోమ్ పట్టీ కోసం ఆటోనగర్‌కు ఆ మధ్యలో ఎప్పుడైనా వెళ్లవచ్చు.